‘కొంచెం చూసి రాయండి’ అన్న ఏజెంటుకు ఏం చెప్పాలి?

ప్రశ్న: సివిల్ డిప్లొమా చేసి, నాలుగేళ్లు సైటు సూపర్‌వైజరుగా పనిచేసి, ఏడాదిన్నరగా హైదరాబాదులో సొంతంగా ఇళ్ల తనిఖీ చేస్తున్నాను. ఫీజు కొనేవారే ఇస్తారు గాని, నాకు వచ్చే పనిలో ముప్పాతిక వంతు ఇద్దరు ముగ్గురు ఏజెంట్లు చెప్పి పంపేదే. పోయిన నెల ప్రగతినగర్‌లో పన్నెండేళ్ల నాటి ఫ్లాటు చూడటానికి వెళ్లాను. యజమాని రిటైరైన ఉద్యోగి. గది గదికీ నా వెంటే వచ్చారు. పడకగదిలో బాత్‌రూము వైపు గోడకు తేమ మీటరు పెడితే అంకె పెరిగింది. ‘ఏమిటది?’ అని ఆయన అడిగితే, ‘ఈ గోడ లోపలంతా నెమ్మేనండీ’ అన్నాను. ‘మూడు నెలల కిందటే రంగులు వేయించాను, మా ఇంట్లో నెమ్మేమిటి?’ అని ఆయన కేకలు వేశారు. ఏజెంటు నన్ను మెట్ల దగ్గరికి పిలిచి, ‘రిపోర్టులో కొంచెం చూసి రాయండి’ అన్నాడు. నేను ఉన్నదున్నట్టు రాశాను. బేరం చెడిపోయింది. అప్పటి నుంచి ఏజెంటు నా ఫోను ఎత్తడం లేదు. చిత్రమేమిటంటే, ఆ యజమానే ఇప్పుడు ఫోను చేసి రిపోర్టు కాపీ కావాలంటున్నారు. నేను చేసిన తప్పేమిటి? కాపీ ఇవ్వాలా? ఏజెంట్లను దూరం చేసుకుని ఈ పనిలో బతకగలనా?

— ఒక పాఠకుడు, హైదరాబాదు

సమాధానం: రిపోర్టు విషయంలో మీ తప్పేమీ లేదు. తప్పల్లా ఆ పడకగదిలో నిలబడి అన్న ఒక్క మాటలో ఉంది. ఏజెంటుతో వచ్చిన తగాదా కూడా రిపోర్టుతో కాక ఆ మాటతోనే మొదలైందని నా అనుమానం. అందుకని ముందు ఆ మాటనే పరిశీలిద్దాం.

‘గోడ లోపలంతా నెమ్మే’ అని మీకెలా తెలిసింది? మీ చేతిలో ఉన్నది రెండు సూదుల మీటరు అయివుంటుంది. అది ఆ రెండు సూదుల మధ్య విద్యుత్తు ఎంత సులువుగా పారుతున్నదో కొలిచి, దాన్ని ఒక అంకెగా చూపిస్తుంది. మామూలుగా దొరికే మీటర్లలో ఆ అంకెలు చెక్కకు సరిపోయేలా అమర్చినవి. ప్లాస్టరింగు మీద పెట్టినప్పుడు 22 అని చూపితే గోడలో 22 శాతం నీరు ఉందని అర్థం కాదు, పొడిగా ఉన్న మరో గోడతో పోల్చుకోవడానికి మాత్రమే అది పనికివస్తుంది. ప్లాస్టరింగులో ఉప్పు తేలి ఉన్నా, లోపల ఇనుప జాలీ వేసి ఉన్నా, నీరు అంతగా లేకుండానే అంకె పెరుగుతుంది. కాబట్టి మీరు చూసినది గోడ పైపొరలో, ఒక చోట, ఒక రోజున పెరిగిన అంకె మాత్రమే. ‘లోపలంతా’ అన్నది మీరు చూడలేదు, ఊహించారు. ఆ ఊహ నిజమే కావచ్చు. కానీ పన్నెండేళ్లు ఆ ఇంట్లో కాపురమున్న మనిషి ముందు, ఆయన గోడను పట్టుకుని, మీటరుతో వచ్చిన కొత్త మనిషి తీర్పు చెప్పినట్టు మాట్లాడితే, ఎంత నిదానస్తుడికైనా ఒళ్లు మండుతుంది.

ఇదే సంగతిని రిపోర్టులో నేనైతే ఇలా రాస్తాను: ‘పడకగదిలో బాత్‌రూమును ఆనుకున్న గోడపై, నేల నుంచి సుమారు రెండడుగుల ఎత్తు వరకు, నాలుగడుగుల వెడల్పున, మీటరు రీడింగు అదే గదిలోని ఎదుటి గోడ కంటే బాగా ఎక్కువగా ఉంది. స్కర్టింగు పైన రంగు రెండు చోట్ల ఉబ్బింది. గోడను పగలగొట్టి చూడలేదు కనుక నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో ఈ తనిఖీలో తేలలేదు. బయానా ఇచ్చే లోపు బాత్‌రూము పైపులకు ప్లంబరు చేత ప్రెజర్ టెస్టు చేయించుకోవడం అవసరం.’ ఇందులో దాచిపెట్టినది ఒక్కటీ లేదు. మీరు ఇంట్లో అన్నదాని కంటే ఇది కొనేవారికి ఎక్కువ ఉపయోగపడుతుంది, ఎందుకంటే తరవాత ఏం చేయాలో కూడా చెబుతున్నది. యజమాని దీన్ని చదివినా వాదించడానికి చోటు దొరకదు, ఎదుటి గోడకు మీటరు పెట్టి మళ్లీ చూసుకోమనడం తప్ప.

పగుళ్ల విషయంలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. మన అపార్టుమెంట్లలో కాంక్రీటు పిల్లరుకూ ఇటుక గోడకూ, లేదా బీము అడుగుకూ గోడ పైభాగానికీ కలిసే చోట సన్నని గీత పడటం సర్వసాధారణం. రెండు వేర్వేరు పదార్థాలు వేడికీ తేమకూ వేర్వేరుగా సాగి ముడుచుకుంటాయి, ఆ అతుకు మీద జాలీ వేయకుండా ప్లాస్టరింగు చేసేస్తారు, ఏడాది తిరిగేసరికి గీత పైకి తేలుతుంది. దీన్ని ‘పిల్లరు దగ్గర పగులు’ అని రాస్తే కొనేవారికి ఆ రాత్రి నిద్ర పట్టదు. ‘పిల్లరూ గోడా కలిసే గీత వెంబడి వెంట్రుక మందపు నిలువు చీలిక, పిల్లరు కాంక్రీటులో పగులు కనిపించలేదు’ అని రాస్తే విషయం ఎంతో అంతే అందుతుంది. అదే పిల్లరు మూలన కాంక్రీటు పెచ్చు ఊడి, తుప్పు పట్టిన కడ్డీ బయటపడి ఉంటే, అప్పుడు మెత్తని మాటలు వెతక్కూడదు. స్ట్రక్చరల్ ఇంజనీరు చూసేదాకా ముందుకు వెళ్లవద్దని అంత స్పష్టంగానే రాయాలి. తనిఖీ చేసేవాళ్లు జనాన్ని బెదరగొడతారని ఏజెంట్లు చేసే ఫిర్యాదులో కొంత నిజముందని నేను ఒప్పుకుంటాను. మొదటి రకం గీతకు రెండో రకం మాటలు వాడే తనిఖీదారులను నేను చాలామందిని చూశాను, తొలి రెండేళ్లలో నేనూ వారిలో ఒకణ్ణి.

ఇక యజమాని విషయం. ఆయన మీకు ఫీజు ఇచ్చినవారు కారు, కానీ మీరు ఉన్నది ఆయన ఇంట్లో. కొనేవారు పంపిన మనిషిని లోపలికి రానివ్వాలని మన దేశంలో ఏ చట్టమూ ఆయనను బలవంతపెట్టదు. ఆయన మర్యాద కొద్దీ తలుపు తీశారు. గది గదికీ వెంట రావడం మీ మీద నిఘా అని మీరు అనుకున్నట్టున్నారు. ఇల్లు అమ్ముకునే మనిషి మనసు ఎలా ఉంటుందో ఆలోచించండి: ధర తగ్గుతుందేమోనన్న బెంగ ఒకటి, తన సంసారం పరాయివాడి కంట పడుతున్నదన్న ఇబ్బంది మరొకటి. గుమ్మంలోనే రెండు నిమిషాలు ఆగి ఏమేం చూస్తారో, ఎంతసేపు పడుతుందో, ఏయే ఫొటోలు తీస్తారో చెప్పండి. పూజగదికీ బీరువాలకూ చేయి పెట్టబోమని, సింకు కింద అర మాత్రం అడిగి తెరుస్తామని, ఫొటోల్లో గోడలు తప్ప మనుషులు గాని, గోడ మీది కుటుంబ చిత్రాలు గాని రావని చెప్పండి. చెప్పులు బయట విడిచి, నిచ్చెన కాళ్లకు గుడ్డ కట్టుకుని రండి. ఇవి చిన్న సంగతులే, కానీ వీటితో సగం మంది యజమానులు వెంట తిరగడం మానేసి హాల్లో కూర్చుంటారు.

చెప్పకుండా చేసే పరీక్షల వల్ల ఏమవుతుందో నా అనుభవం ఒకటి చెబుతాను. ఒకసారి ఒక ఇంట్లో కరెంటు బోర్డు తెరిచి, అలవాటుగా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్చి) మీద టెస్టు బటన్ నొక్కాను. నొక్కితే ఇల్లంతా కరెంటు పోవాలి, అది సరిగ్గా పనిచేస్తున్నదనడానికి అదే గుర్తు. కరెంటు పోయింది. వెనక గదిలోంచి ఒక్కసారిగా కీచుమని అలారం మోగింది. ఆ గదిలో ఒక పెద్దావిడ ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నారు. అర నిమిషంలో స్విచ్చి పైకి ఎత్తాను, ఆమెకు ఏమీ కాలేదు. కానీ ఆ ఇంటి కోడలు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి కరెంటు తీసే ముందు, ‘ఇంట్లో ఎవరైనా మిషను మీద ఉన్నారా, కంప్యూటరులో ఎవరైనా పని చేసుకుంటున్నారా?’ అని అడగకుండా బోర్డు ముట్టుకోలేదు. బాత్‌రూములో నీళ్లు నిలగట్టి చూసే పరీక్ష కూడా ఇలాంటిదే. కింది ఫ్లాటువారి సీలింగు తడిస్తే ఆ తగవు మీతో పోదు, ఇరుగుపొరుగు మధ్య ఏళ్ల తరబడి సాగుతుంది. కింది వారికి చెప్పి, యజమాని సరేనన్నాకనే చేయండి, వద్దంటే ‘ఈ పరీక్షకు అనుమతి దొరకలేదు’ అని రిపోర్టులో రాసి ఊరుకోండి. టెర్రస్ తాళం వాచ్‌మన్ దగ్గరో అసోసియేషన్ సెక్రటరీ దగ్గరో ఉంటుంది గనుక ముందురోజే ఫోను చేసి పెట్టుకోవాలి. పై అంతస్తు ఫ్లాటు తనిఖీకి వెళ్లి టెర్రస్ చూడకుండా వస్తే ఆ తనిఖీకి అర్థం లేదు.

‘ఏమిటది?’ అని యజమాని అడిగినప్పుడు ఏమనాలి? మౌనంగా ఉంటే అనుమానం పెరుగుతుంది, ఉన్నదంతా చెబితే ఫీజు ఇచ్చినవారి కంటే ముందు ఎదుటి పక్షానికి చెప్పినట్టవుతుంది. నేను అనే మాట ఇది: ‘సార్, ఇక్కడ రీడింగు ఎదుటి గోడ కంటే ఎక్కువ చూపిస్తోంది, రాసుకుంటున్నాను. కారణం నేనింకా తేల్చలేదు. రిపోర్టు నన్ను పెట్టుకున్నవారికి వెళుతుంది, మీకు కావాలంటే వారిని అడగండి.’ అంతకు మించి ఒక్క ముక్క వద్దు, మరమ్మతుకు ఎంతవుతుందో అసలే వద్దు. ‘ఓ అరవై వేలవుతుందండీ’ అని మాటవరసకు అంటే ఆ అంకె సాయంత్రానికల్లా బేరంలోకి ఎక్కి, మీ పేరు మీదే చలామణీ అవుతుంది. ఈ నియమానికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది: ప్రాణాపాయం. ప్లగ్గు కాలి నల్లబడి ఉన్నా, గ్యాసు వాసన వస్తున్నా, గీజరును ముట్టుకుంటే షాకు కొట్టినట్టు చురుక్కుమన్నా, ఎవరి పక్షమన్నది పక్కనపెట్టి ఇంట్లోవారికి ఆ క్షణాన్నే చెప్పాలి.

ఇప్పుడు ఏజెంటు దగ్గరికి వద్దాం. ఆయన మీద కోపం తెచ్చుకునే ముందు ఆయన లెక్క చూడండి. పాత ఫ్లాటు బేరంలో ఆయనకు దక్కేది ఒక శాతమో రెండు శాతమో, అదీ బేరం కుదిరితేనే. నెలరోజులు రెండు కుటుంబాలను తన బండి మీద తిప్పిన మనిషికి మీ రిపోర్టు అనే కాగితం చేతికందిన ముద్దను లాగేసేదిగా కనిపిస్తుంది. పైగా ‘కొంచెం చూసి రాయండి’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, జనం హడలిపోని భాషలో రాయమని. రెండోది, కొన్ని సంగతులు వదిలేయమని. మొదటిది న్యాయమైన కోరిక, రెండోది కొనేవారి డబ్బు తీసుకుని వారిని మోసం చేయమనడం. ఆయన ఏది అడిగాడో మీరు అడగలేదు. అప్పుడే, ‘ఏ వాక్యం తప్పో చెప్పండి, తప్పయితే దిద్దుతాను. తప్పు కాకపోతే అది ఉంటుంది’ అని ఉంటే ఆయన ఉద్దేశం తేలిపోయేది. రిపోర్టు వెళ్లాకనైనా ఈ మాట అనవచ్చు, కొలతలో పొరపాటు నిజంగా ఉంటే సవరణ ప్రతి కొనేవారికి పంపవచ్చు. రిపోర్టును ముందుగా ఏజెంటుకు చూపించడం మాత్రం ఎప్పుడూ చేయకండి, అది ఎంత మంచి ఏజెంటయినా సరే.

ఏజెంటుకు మీరు చెప్పగల ఇంకో సంగతి ఉంది. అమెరికాలో ఇళ్ల తనిఖీ అంతగా వేళ్లూనుకోవడానికి కొంత కారణం ఏజెంట్ల సొంత భయమే. 1984లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు ఒక కేసులో, ఇల్లు అమ్మే పక్షం ఏజెంటు కూడా ఆ ఇంటిని శ్రద్ధగా కంటితో పరిశీలించి, ధరను ప్రభావితం చేసే లోపాలు కనబడితే కొనేవారికి చెప్పాలని తీర్పునిచ్చింది. ఆ ఇల్లు సరిగా గట్టిపరచని మట్టి మీద కట్టినది, కొన్న కొద్దికాలానికే నేల జారింది. నేల కుంగిన ఆనవాళ్లు ఏజెంట్ల కంట ముందే పడ్డాయి. ఆ తీర్పు తరవాత అక్కడి ఏజెంట్లకు మంచి తనిఖీదారు అడ్డంకి కాకుండా గొడుగయ్యాడు: రేపు తగాదా వస్తే ‘నేను తనిఖీ చేయించుకోమన్నాను, ఇదిగో రిపోర్టు’ అనగలిగే ఆధారం. అదే సమయంలో, 1976లో ఏర్పడిన అక్కడి తనిఖీదారుల సంఘం, పని చెప్పి పంపినందుకు ఏజెంట్లకు ఏ రూపంలోనూ ప్రతిఫలం ఇవ్వరాదని తన నియమావళిలో రాసుకుంది. మన తెలుగువాళ్లు అధికంగా ఇళ్లు కొనే టెక్సాస్‌లోనైతే తనిఖీదారుకు రాష్ట్ర లైసెన్సు ఉండాల్సిందే. మనకు అటువంటి లైసెన్సు విధానం లేదు. మీటరు కొన్న ప్రతివాడూ తనిఖీదారే. కాబట్టి మీ నియమాలను మీరే కాగితం మీద పెట్టుకోవాలి. ఏజెంటుకు దసరా మామూలు కూడా ఇవ్వకండి, ఆయన నుంచి టీ తప్ప మరేమీ తీసుకోకండి.

ఆ కాగితం ఎంతో పెద్దదేమీ కానక్కరలేదు. ఒక పేజీ చాలు. మీ ఫీజు ఎవరిస్తున్నారో, బేరం కుదిరినా కుదరకపోయినా అది ఇవ్వాల్సిందేనన్న మాట, కంటికి కనిపించేవీ పరికరానికి అందేవీ మాత్రమే చూస్తారన్న మాట, రిపోర్టు ఫీజు ఇచ్చినవారికి తప్ప వారి రాతపూర్వక అనుమతి లేకుండా మరెవరికీ ఇవ్వబోరన్న మాట, ఇదే ఇంట్లో మరమ్మతు పని మీరు గాని మీవాళ్లు గాని ఒప్పుకోరన్న మాట అందులో ఉండాలి. చివరిది మరచిపోకండి. ఇప్పుడు కాపీ అడుగుతున్న యజమానే రేపు ‘నువ్వే వాటర్‌ప్రూఫింగు చేయించి పెట్టు బాబూ’ అంటారు. సరేనంటే, పని కోసమే తప్పు పట్టాడన్న మాట అంటుకుంటుంది. ఈ పేజీని కొనేవారితో సంతకం చేయించి, తనిఖీకి ముందే వాట్సాప్‌లో ఏజెంటుకూ పంపండి. అప్పుడు మెట్ల దగ్గరికి పిలిచి చెప్పే మాటలు చాలామటుకు తగ్గిపోతాయి.

కాపీ విషయం. మీరు నేరుగా ఇవ్వకండి. ఆ రిపోర్టు కొనబోయినవారిది, వారు డబ్బిచ్చి రాయించుకున్నది. కానీ అడిగి చూడటంలో తప్పులేదు: ‘బేరం ఎలాగూ జరగలేదు, యజమాని కాపీ అడుగుతున్నారు, మీకు అభ్యంతరమా?’ అని వారికి ఒక సందేశం పెట్టండి. చాలామంది సరేనంటారు. ఇవ్వబోయే ముందు యజమానికి ఒక సంగతి మర్యాదగా చెప్పడం మంచిది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవారికి తెలిసివుంటే దాన్ని వెల్లడించవలసిన బాధ్యత అమ్మేవారిదే. నిన్నటిదాకా ‘మా ఇంట్లో నెమ్ము లేదు’ అని ఆయన నమ్మకంతో చెప్పారు. రిపోర్టు చేతికందాక ఆ గోడకు మళ్లీ లప్పం పూసి రంగు వేసి, వచ్చే కొనుగోలుదారుకు చెప్పకుండా ఉండటం అంత సులువు కాదు. ఇది బెదిరింపుగా కాకుండా, ‘ముందు ప్లంబరును పిలిపించి నీరెక్కడిదో తేల్చుకోండి, బాగుచేయించి ఆ బిల్లు దగ్గర పెట్టుకోండి, వచ్చేవారికి అదే చూపించవచ్చు’ అని సలహాగా చెప్పండి. మూడు నెలల కింద రంగులు వేయించినది దాచడానికా, అమ్మకానికి ఇల్లు ముస్తాబు చేయడానికా అన్నది మీకు తెలియదు, నాకూ తెలియదు, దాని జోలికి పోకండి. ఆయన కాపీ అడగడాన్ని బట్టి చూస్తే, కేకలు వేసిన రోజు రాత్రే ఆ గోడ మీద చేయి పెట్టి చూసుకుని ఉంటారని నాకు అనిపిస్తున్నది.

బతుకుతెరువు గురించి అడిగారు. ముప్పాతిక వంతు పని ఇద్దరు ముగ్గురి చేతిలో ఉండటమే అసలు ప్రమాదం, వాళ్లు మంచివాళ్లా కాదా అన్నది తరవాతి మాట. మీ ఊళ్లోనే ఏజెంటుతో నిమిత్తం లేని పని ఉంది. కొత్త ఫ్లాటు తాళాలు తీసుకునేవారు, తీసుకుని ఐదేళ్లు నిండనివారు. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేటు నియంత్రణ) చట్టంలోని 14వ సెక్షను ప్రకారం, స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్ల లోపు నిర్మాణంలో గాని, పనితనంలో గాని, నాణ్యతలో గాని లోపం చూపిస్తే బిల్డరు అదనపు ఖర్చు అడగకుండా 30 రోజుల్లో సరిచేయాలి. నాలుగున్నరేళ్లు దాటిన అపార్టుమెంట్ల అసోసియేషన్లను కలిసి, గడువు ముగిసేలోగా టైళ్లు తట్టి గుల్లగా మోగేవాటిని, టెర్రస్ లీకులను, సెల్లారు గోడల చెమ్మను ఫొటోలతో, తేదీలతో రాయించుకోమని చెప్పండి. అక్కడ మీకు ఎదురయ్యేది సైటు ఇంజనీరు. ఆయన కూడా వాదిస్తాడు గాని, మీ భాష ఆయన భాష ఒకటే.

పాత ఏజెంటుకు ఫోను మీద ఫోను చేయకండి. ఒక పేజీ ఒప్పంద పత్రం తయారు చేసుకుని, దాన్ని ఆయనకు పంపి, కింద ఇంత రాయండి: ‘ఆ రోజు యజమాని గారి ముందు నేను తొందరపడి మాట అన్నాను, అది నా పొరపాటు. రిపోర్టులో రాసినదానికి కట్టుబడి ఉన్నాను. ఇకమీదట ఈ పద్ధతిలో పనిచేస్తాను.’ ఆయన పిలిస్తే వెళ్లండి. పిలవకపోతే, ముందు ఆ యజమానికి ఇదే పొరపాటు మాట ఒకసారి నోటితో చెప్పి రండి. ప్రగతినగర్ ఎంతో దూరం కాదు.